అమీర్ల వరుసలో ఒక స్త్రీ

ఉత్తర తెలంగాణ కోటల చరిత్ర ఎక్కడ తెరిచినా ఒక పేరు ఎదురవుతుంది. 1747లో జగిత్యాల కోట కట్టించింది ఆయనే. ఎలగందుల కోటలో ఊపితే ఊగుతుందని చెప్పుకునే మినారును 1754లో నిలబెట్టింది ఆయనే. నిర్మల్‌ను కేంద్రంగా చేసుకొని గోదావరికి ఇటూ అటూ పెత్తనం చేసిందీ ఆయనే. జఫరుద్దౌలా మీర్జా ఇబ్రహీం బేగ్. జనం నోట ధంసా. ధంసా అంటే పెద్ద నగారా. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల స్థానిక చరిత్రల్లో ఆ నగారా మోత ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆయన తర్వాత ఆయన కొడుకు ఎహతెషామ్ జంగ్ నిజాం మీద తిరగబడ్డాడు. 1783లో నిజాం అలీ ఖాన్ స్వయంగా సైన్యాన్ని వెంటబెట్టుకొని నిర్మల్ మీదికి వచ్చాడు. తండ్రి కట్టుకున్న కోటలు కొడుకును కాపాడలేకపోయాయి. ఇంతవరకూ మన జిల్లా చరిత్రలు చెబుతాయి. అవి చెప్పని సంగతి ఒకటుంది. ఆ దండుతోపాటు నిర్మల్‌కు పదిహేనేళ్ల అమ్మాయి కూడా వచ్చింది. ఆమె పేరు చందా. తర్వాతి కాలంలో ఆసఫ్‌జాహీ దర్బారులో అమీర్ల సరసన కూర్చుని, జాగీర్లు ఏలి, సొంత దివాన్ కూర్చి, మహలఖా బాయి అనే బిరుదుతో 1824లో కన్నుమూసిన మనిషి ఆమే.

మహలఖా అంటే చంద్రముఖి. చందా అన్నా చంద్రుడే. పేరులోనే అందం ఉండటం ఆమెకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పలేం. హైదరాబాద్ గురించి రాసినవాళ్లు చాలామంది ఆమెను ఆ వెన్నెల్లోనే చూశారు. నర్తకి, సౌందర్యరాశి, నవాబుల మనసు దోచిన గజల్ రాణి. చివర్లో ఒక వాక్యం, ఆమెకు దర్బారులో పలుకుబడి కూడా ఉండేదని. ఈ ‘కూడా’ దగ్గర ఆగి మాట్లాడాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆమెను కొద్దిగా రాజకీయం తెలిసిన కళాకారిణిగా చదివితే కొన్ని సంగతులే కనిపిస్తాయి. ఒక అమీరుగా, అంటే దర్బారు రాజకీయాల్లోనే బతికిన మనిషిగా చదివితే మనకు గర్వం కలిగించేవీ, ఇబ్బంది పెట్టేవీ రెండూ కలిసే బయటికొస్తాయి. పూర్వికురాలిగా ఆమెను మనం స్వీకరించాలంటే ఆ రెండింటితోనూ స్వీకరించాలి.

ముందుగా ఆమె వెనకున్న ఆడవాళ్ల గురించి చెప్పుకోవాలి. చందా 1768లో పుట్టింది. తల్లి రాజ్ కున్వర్. అమ్మమ్మ గుజరాత్ నుంచి బయల్దేరిన మనిషి. భర్త వదిలిపోతే పిల్లల్ని వెంటబెట్టుకొని, ఆటపాటలతో బతికే బృందాల ఆసరాతో దక్షిణానికి నడిచిన కుటుంబమది. ఆ నడకలో కూతుళ్లు పాట నేర్చుకున్నారు, ఆట నేర్చుకున్నారు, కొత్త పేర్లు పెట్టుకున్నారు. చివరికి నిజాం దండుతో కలిసి దక్కన్ చేరారు. పెద్దకూతురి వరసైన మెహతాబ్‌ను నిజాం దివాన్ రుక్నుద్దౌలా చేపట్టాడు. చందా పెరిగింది ఆ ఇంట్లోనే. మగవాళ్ల వంశవృక్షాల్లో తాతలు, తండ్రులు వరసగా కనిపిస్తారు. ఈ ఇంటి వంశవృక్షంలో ఆడవాళ్లు కొమ్మల్లా అల్లుకొని ఉంటారు, మగవాళ్లు అప్పుడప్పుడూ వచ్చిపోతుంటారు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఈ కుటుంబ కథ చాలావరకు ఆమె బతికుండగా ఆమె ప్రోత్సాహంతో రాసిన పుస్తకాల నుంచి వచ్చింది. గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ చేత ఆమె దక్కన్ చరిత్ర ఒకటి రాయించింది. దాని పేరే మాహ్‌నామా, చంద్రుని పేరు మీద. తర్వాత గులాం సమదానీ గౌహర్ ఉర్దూలో ఆమె జీవిత చరిత్ర రాశాడు. రాజులూ అమీర్లూ తమ చరిత్రల్ని తామే రాయించుకోవడం రివాజు. ఆమె కూడా ఆ పని చేసింది. అమ్మమ్మ ఆకలి నడకను మరుగుపరచకుండా, దానికి కాస్త మర్యాద అద్ది చెప్పించుకుంది. మనకు దొరికింది ఆమె మనకు చూపదలచుకున్న ముఖం. అది అబద్ధమని కొట్టెయ్యనక్కర్లేదు. ఒక స్త్రీ పద్దెనిమిదో శతాబ్దపు దక్కన్‌లో తన గురించి ఏం చెప్పుకోవాలనుకుందో తెలియడమూ చరిత్రే.

రుక్నుద్దౌలా ఇల్లు ఆమెకు మొదటి బడి. ఆ ఇంట్లో కవిత్వం, సంగీతం, గుర్రపు స్వారీ నేర్చుకుంది. వాటితోపాటు ఇంకోటి కూడా కళ్లముందే జరిగింది. 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యాడు. అప్పటికి ఆమెకు ఏడేళ్లు. పదేళ్లపాటు రాజ్యం నడిపిన దివాన్ ఒక్కరోజులో శవమయ్యాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల నేర్చుకున్న పాఠాల్లో ఇది అన్నిటికన్నా పెద్దదై ఉంటుందని నా ఊహ. ఒక మగవాడి నీడలో మాత్రమే నిలబడితే ఆ నీడ ఏ రోజైనా పోతుంది. తర్వాతి నలభై ఏళ్ల ఆమె నడవడి చూస్తే ఈ ఎరుక అడుగడుగునా కనిపిస్తుంది.

పద్నాలుగేళ్ల వయసులో హైదరాబాద్ చేరింది. ఆ తర్వాత మూడు దండయాత్రల్లో నిజాం అలీ ఖాన్ వెంట ఉంది. 1782లో కౌలాస్, 1783లో నిర్మల్, 1789లో పానగల్. ఈ మూడింట్లో మొదటి రెండూ మన ఉత్తర తెలంగాణ నేల. ఆమె మగ వేషంలో, విల్లు పట్టి, గుర్రమెక్కి వచ్చేదని జీవిత చరిత్రలు చెబుతాయి. నేటి వ్యాసాల్లో ఈ బొమ్మ బాగా అచ్చయింది. వీరవనిత కోసం వెతికే కళ్లకు అది నచ్చుతుంది కూడా.

ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టి దండు అంటే ఏమిటో చూద్దాం. ఆ కాలపు దండు కదిలే పట్నం. గుడారాలు, ఏనుగులు, ఫిరంగులు, బజారు, వంటశాల, కచేరీ, జనానా అన్నీ కలిసి నడిచేవి. రాజు ఎక్కడుంటే దర్బారు అక్కడ. శిస్తు లెక్కలు, క్షమాపణలు, బిరుదులు, జాగీర్ల పంపకం అన్నీ గుడారాల్లోనే. రాత్రి మెహఫిల్ కూడా ఆ గుడారాల్లోనే. తిరగబడిన అమీరు తరఫు మనిషి రాయబారానికి వచ్చినా, లొంగిన సర్దారు నజరు పెట్టినా ఆ గుడారంలోనే. ఒక పాటగత్తెకు రాజ్యం ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూసే అవకాశం హవేలీలో కన్నా దండులోనే ఎక్కువ. నిర్మల్ దారి ఆమెకు రాజకీయ పాఠశాల అయిందంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆమెకప్పుడు పదిహేనేళ్లు. నిజాంకు యాభై దగ్గర పడుతున్నాయి. పదిహేనేళ్ల పిల్ల యాభై ఏళ్ల పాలకుడి దండు వెంట గోదావరి దాకా వచ్చిందంటే, అది ఆమె ఎంపిక అని ఎంతవరకు అనగలం? కాదనే హక్కు ఆమెకుందా? ఆ విల్లును మెచ్చుకొనే తొందరలో ఈ ప్రశ్న వదిలేస్తే, మగ చరిత్రకారులు ఆమె అందం చూసి చేసిన పనినే మనం ఆమె శౌర్యం చూసి చేసినవాళ్లమవుతాం. పదిహేనేళ్లప్పుడు ఆమెను తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లు దాటాక ఆమె తానుగా వచ్చింది. ఈ రెంటి మధ్య జరిగినదే ఆమె జీవితంలో అసలు కథ.

నిర్మల్‌లో ఓడిన ఇంటిని, గెలిచిన దండులోని ఈ అమ్మాయిని పక్కపక్కన పెట్టి చూడండి. ధంసా కుటుంబానికి కోటలున్నాయి, ఫిరంగులున్నాయి, సొంత సైన్యముంది. ఎలగందుల నుంచి నిర్మల్ దాకా భూమి ఉంది. రెండో తరానికే అది కూలింది. చందాకు కోట లేదు, సైన్యం లేదు, తండ్రి పేరు మీద హక్కు లేదు. ఆమె నలభై ఏళ్లు నిలబడింది. దర్బారులో ధంసా కొడుకు ఆధారపడిందీ, చందా ఆధారపడిందీ ఒక్కదాని మీదే. అది నిజాం దయ. జాగీరు ఆ దయకు రూపం. మగ అమీరు దాన్ని తన పుట్టుక హక్కు అనుకున్నాడు. ఆమె అలా అనుకునే వీలు ఎన్నడూ లేదు. ఆ లేకపోవడమే ఆమెను జాగ్రత్తగా బతకనిచ్చింది.

దర్బారులో కవిత్వానికీ రాజకీయానికీ మధ్య మనం ఇప్పుడు గీసే గీత ఆనాడు లేదు. మీర్ ఆలం దివాన్, రాయబారి, సేనాని. చందా మీద మస్నవీ రాసిన కవి కూడా. మహారాజా చందూలాల్ 1843 దాకా రాజ్యం లెక్కలన్నీ చేతిలో పెట్టుకున్న మనిషి. షాదాన్ పేరుతో కవిత్వం రాశాడు. వీళ్లిద్దర్నీ ఎవరూ రాజకీయం తెలిసిన కవులు అనరు. రాజనీతిజ్ఞులు అంటారు, కవిత్వం వాళ్లకు అదనపు అలంకారం. చందా దగ్గరికి వచ్చేసరికి తక్కెడ తిరగబడుతుంది. చేసిన పనులు ఒకటే, మెహఫిళ్లు ఒకటే, బిరుదులు ఇచ్చిన చెయ్యి ఒకటే. మగవాడి గజల్ సంస్కారమవుతుంది, ఆడదాని గజల్ వృత్తి అవుతుంది.

ఆమె దర్బారు మనిషిగా చేసిన పనికి ఒక మంచి సాక్ష్యం లండన్‌లో ఉంది. 1798లో ఆమె తన గజళ్లను దివాన్‌గా కూర్చింది. అందులో 125 గజళ్లు, ఒక్కోటి ఐదేసి షేర్లు. ప్రతి గజల్ చివర హజ్రత్ అలీని తలుచుకోవడం ఆమె పద్ధతి. 1799 అక్టోబర్ 18న ఆ దివాన్ ప్రతి ఒకటి ఆమె చేతి నుంచి కెప్టెన్ జాన్ మాల్కం చేతికి వెళ్లింది. ఆమె నాట్యం జరుగుతున్న సభలోనే. ఆ ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నజరుగా ఇచ్చినట్టు దాని మీద రాసి పెట్టారు.

ఆ తేదీని రాజకీయాల పక్కన పెట్టండి. 1798 మార్చిలో నిజాం సైన్యంలోని ఫ్రెంచ్ దళాల నాయకుడు రేమండ్ చనిపోయాడు. సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబర్‌లో ఫ్రెంచ్ దళాల ఆయుధాలు లాక్కున్నారు. ఆ పనిలో మాల్కం ఉన్నాడు. 1799 మేలో శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాడు. నిజాం తరఫున ఆ యుద్ధానికి వెళ్లింది మీర్ ఆలం. హైదరాబాద్‌లో గాలి ఎటు తిరిగిందో అక్టోబర్‌కల్లా అందరికీ తెలిసిపోయింది. నజరు అంటే మామూలు బహుమతి కాదు. ఒక అమీరు తనకన్నా పైనున్న అధికారానికి, లేదా రాబోతున్న అధికారానికి, అందరి ముందూ పెట్టే కానుక. చందా పెట్టిన నజరు బంగారు మొహరు కాదు, తన పేరున్న పుస్తకం. నర్తకి ఇనాము పుచ్చుకుంటుంది, నజరు పెట్టదు. ఆ రోజు ఆమె ఆడుతూనే అమీరు చేసే పని చేసింది. మనం వలసవాదం గురించి తెలిసినవాళ్లం కాబట్టి ఆ పుస్తకం ఎవరి చేతికి వెళ్లిందో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. ఆమె తన వర్గం అమీర్లు ఏం చేశారో అదే చేసింది.

ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఆమేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత అదే హైదరాబాద్‌కు చెందిన లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దివాన్ బయటపడింది. అది చందా దివాన్ కన్నా ముందుది. ఇమ్తియాజ్ గృహిణి, కవి భార్య. దీన్ని పందెంలా చూడటం నాకు ఇష్టం లేదు. ఒకే ఊళ్లో, ఒకటి రెండేళ్ల తేడాతో, ఒకరు పెళ్లి లోపల ఉండి, ఇంకొకరు పెళ్లి బయట ఉండి తమ పేరుతో పుస్తకాలు కూర్చుకున్నారు. మొదటి స్త్రీ ఎవరన్న వెతుకులాట కన్నా ఈ జంట కనిపించడం మనకు ఎక్కువ విలువైనది.

ఇక ఆమె నిలదొక్కుకున్న తీరు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడాడు. దివాన్ అరస్తూ జాను పూనాకు బందీగా పట్టుకుపోయారు. ఆయన తిరిగొచ్చి మళ్లీ దివాన్ అయ్యాడు. 1800లో మీర్ ఆలం పదవి ఊడింది. 1803లో నిజాం అలీ ఖాన్ పోయి సికందర్ జా వచ్చాడు. 1804లో అరస్తూ జా పోయాడు, అవమానంలో ఉన్న మీర్ ఆలం దివాన్‌గా తిరిగొచ్చాడు. 1808లో మీర్ ఆలం పోయాడు, చందూలాల్ చెయ్యి పైకొచ్చింది. ఇన్ని మలుపుల్లో ఎందరో అమీర్లు ఒక పక్షాన్ని నమ్ముకొని మునిగారు. చందా ప్రతి పక్షంతోనూ సంబంధం నిలుపుకుంది. మరాఠా సర్దారు రాజా రావు రంభా, మీర్ ఆలం, చందూలాల్ ముగ్గురూ ఆమెను ఆదరించినవాళ్లే. ఈ పేర్లు చదివినవాళ్లు ‘ప్రియుల జాబితా’ రాస్తారు. అదే ఒక మగ అమీరు అయితే, మూడు వర్గాలనూ సమన్వయం చేసుకున్న దక్షుడని రాసేవాళ్లు.

ఈ దక్షతకు ఫలమే ఆమె హోదా. ఉమరా, అంటే అమీర్ల వరుసలో చోటు. దర్బారులో సలహా చెప్పే అర్హత. ఆమె బయటికి వెళ్తే ఐదువందలమంది సైనికులు వెంట నడిచేవారని జీవిత చరిత్రలు రాశాయి. హైదరాబాద్ చుట్టూ జాగీర్లు, అందులో అడిక్‌మెట్ ముఖ్యమైనది. ఈ హోదా ఆమెకు భార్యగా రాలేదు, విధవగా రాలేదు, చిన్న రాజుకు తల్లిగా రాలేదు. మన సంస్థానాల రాణులకు అధికారం ఎక్కువగా ఈ మూడు దారుల్లోనే వచ్చింది. భర్త పోతేనో కొడుకు చిన్నవాడైతేనో గద్దె ఎక్కారు. చందా తన పేరు మీద, తన పని మీద అధికారం పొందింది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. దాన్ని త్యాగంగానో విషాదంగానో చెప్పడం అలవాటైపోయింది. లెక్క చూస్తే సంగతి వేరు. పెళ్లి చేసుకున్న మరుక్షణం ఆమె ఎవరో ఒక అమీరు జనానాలో మనిషి. మెహఫిల్ ఉండదు, దర్బారు ఉండదు, నజరు పెట్టే చెయ్యి పరదా వెనక్కి పోతుంది. పెళ్లి బయట ఉండటం ఆమె అధికారానికి షరతు. ఆ షరతుకు ఆమె చెల్లించిన ధరే, రెండు వందల ఏళ్లు చెరగని ‘తవాయఫ్’ అన్న ముద్ర. ఆ కాలంలో గౌరవం, అధికారం రెండూ ఒక స్త్రీకి ఒకేచోట దొరికేవి కావు.

వంశం లేని చోట ఆమె మరో వంశం కట్టింది. ఆడపిల్లల్ని చేరదీసి చదువు, సంగీతం, నాట్యం నేర్పించింది. తన ఆస్తి తాను పెంచిన ఆడవాళ్లకు వదిలింది. 1792లో తల్లి రాజ్ కున్వర్‌కు మౌలాలీ గుట్ట కింద సమాధి కట్టించింది. తోట, మసీదు, మధ్యలో సమాధి. తాను కూడా అక్కడే తల్లి పక్కన నిద్రపోయింది. తండ్రి తాతల పక్కన సమాధులు కట్టుకునే అమీర్ల రాజ్యంలో, తల్లికి స్మారకం కట్టి ఆమె పక్కన చోటు కోరుకున్న అమీరు ఈమె. ఈ మధ్య, 2010 తర్వాత, ఆ సమాధి తోటను బాగుచేశారు.

ఇక్కడ మన గురించి మనం ఒక ప్రశ్న అడగాలి. ముద్దుపళని మనకు తెలుసు. రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించడం, వీరేశలింగం వేసిన నిందకు ఆమె ఎదురు నిలవడం, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించడం మన స్త్రీవాద చర్చల్లో ఎన్నోసార్లు వచ్చాయి. 1991లో సూసీ థారూ, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం మొదటి భాగంలో ముద్దుపళనీ ఉంది, మహలఖా బాయి చందా కూడా ఉంది. ఒకే పుస్తకంలోంచి మనం ఒకరిని ఇంటికి తెచ్చుకున్నాం, ఇంకొకరిని అక్కడే వదిలేశాం. తంజావూరు మనకు దగ్గరైంది, మౌలాలీ దూరమైంది.

కారణం భాష అని తేలిగ్గా అనేయొచ్చు. కాని కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు ఆ జవాబు సరిపోదు. 1948 దాకా ఇక్కడ కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. మా ఇళ్లలో పట్టా కాగితాలు ఉర్దూలో ఉంటాయి. తహసీలు, జమాబందీ, దస్తావేజు, ఫిర్యాదు అన్న మాటలు లేకుండా ఇక్కడ భూమి గురించి మాట్లాడలేం. నిర్మల్ బొమ్మలు చేసే కళాకారులను నకాషీలంటాం. మాటలన్నీ తెచ్చుకొని, ఆ భాషలో రాసిన ఆడమనిషిని మాత్రం ‘వాళ్ల’ చరిత్రలో పెట్టాం. తెలుగు స్త్రీల సాహిత్య చరిత్ర అన్నప్పుడు తెలుగులో రాసినవాళ్లు అని ఒక కంచె వేసుకున్నాం. ఆ కంచెలో తెలంగాణ సగం బయటే ఉండిపోయింది, ముస్లిం స్త్రీ దాదాపు పూర్తిగా బయటే ఉండిపోయింది. చందాను చదవడమంటే ఆ కంచెను తియ్యడం కూడా.

అయితే కంచె తీసి ఆమెను లోపలికి పిలిస్తే ఆమె ఒంటరిగా రాదు. తన జాగీర్లతో వస్తుంది. జాగీరంటే ఊళ్ల శిస్తు మీద హక్కు. ఆ శిస్తు ఎవరి చెమట నుంచి వచ్చిందో ఉత్తర తెలంగాణలో పుట్టిన ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. జాగీర్దారీని 1949 ఆగస్టులో రద్దు చేసేదాకా ఆ వ్యవస్థ కింద నలిగిన ఊళ్లు ఇవి. గడీలో ఆడబాపగా, దొర బిడ్డతోపాటు అత్తవారింటికి పంపబడ్డ పిల్లల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఐదువందలమంది సైనికుల ఊరేగింపు మనకు ముచ్చటగా అనిపిస్తే, ఆ సైనికుల జీతం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా అడగాలి.

ఇంకో పోలిక మరింత దగ్గరగా కుదిపేస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో దళిత ఆడపిల్లల్ని జోగినిగా దేవతకు ముడిపెట్టారు. జోగినీ పెళ్లి బయటి స్త్రీయే. ఆమెకూ భర్త లేడు, ఆమే ఆడుతుంది, ఆమే పాడుతుంది. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిన ఆచారం అది. పెళ్లి బయట ఉండటం చందాకు దర్బారు తలుపు తీసింది. జోగినికి అదే, ఊరి పెద్దకులాల మగవాళ్ల ముందు కాదనే హక్కు లేకుండా చేసింది. తేడా ఎక్కడుంది? భూమిలో, చదువులో, కులంలో. పితృస్వామ్యం ఆడవాళ్లను ఇంటి లోపల, ఇంటి బయట అని రెండుగా చీల్చిందని మనం చెప్పుకుంటాం. ఆ ఇంటి బయట కూడా మళ్లీ మేడలూ వాడలూ ఉన్నాయని ఈ ఇద్దర్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. చందా స్వేచ్ఛను ఆడవాళ్లందరి స్వేచ్ఛకు గుర్తుగా ఎత్తిపడితే, జోగినికి అన్యాయం చేసినట్టే.

అలాగని చందాను దోపిడీ వర్గపు మనిషి అని ఒక్కమాటతో పక్కన పెట్టడమూ నాకు సమ్మతం కాదు. మీర్ ఆలం పేరు మీద హైదరాబాద్‌లో చెరువు ఉంది. ధంసా కోటల చరిత్ర స్థానిక చరిత్రల్లో ఉంది. వాళ్ల జాగీర్ల చెమట గురించి ఎవరూ ప్రశ్న అడగకుండానే వాళ్లను చరిత్రలోకి రానిచ్చారు. ఆమె విషయంలో మాత్రం ముందు శీలం గురించి ప్రశ్న, ఆ తర్వాత వర్గం గురించి ప్రశ్న. రెండో ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అందర్నీ అడగాలి, ఆమెతో మొదలుపెట్టి ఆమెతోనే ముగించకూడదు.

1983–84 ప్రాంతంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. జాగీర్దారులకు ఎదురు నిలిచిన ఆడవాళ్ల గొంతు మనకు అట్లా దొరికింది. అదే వ్యవస్థలో పై మెట్టు మీద నిలబడ్డ ఆడమనిషి గొంతు చందాది. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. కాని ఒకదాని వెలుగులో ఇంకొకదాన్ని చదవాలి. పోరాటంలో చాకలి ఐలమ్మ కాపాడుకున్న పంట ఏ తరహా వ్యవస్థ మీద తిరుగుబాటో, చందా ఊరేగింపు ఆ వ్యవస్థ వైభవమే. చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి రాయడమంటే మెచ్చుకోదగిన ఆడవాళ్లను ఏరుకోవడం మాత్రమే అనుకుంటే ఈ చిక్కు ఎన్నటికీ విడిపోదు.

చందా జాగీరు అడిక్‌మెట్ భూముల్లో కొంత భాగంలో 1930లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. 1939లో ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం కూడా ఆ నేల మీదే ఉంది. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఇంటర్ చదివి బస్సెక్కి వచ్చిన ఆడపిల్లలు తరతరాలుగా అక్కడ హాస్టళ్లలో ఉండి డిగ్రీలు, పీహెచ్‌డీలు చేశారు. జోగిని బిడ్డలూ, ఆడబాపల మనవరాళ్లూ, రైతుకూలీల పిల్లలూ అందులో ఉన్నారు. నిర్మల్ దండులో నడిచిన అమ్మాయి ఏలిన భూమి మీద, ఆ దండును మోసిన పల్లెల పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. ఆమె గజళ్లను తెలుగులోకి తెచ్చే పనీ, ఆమె శిస్తు లెక్కలను బయటికి తీసే పనీ రెండూ చెయ్యాల్సింది వాళ్లే. ఏ ఒక్కటి చేసినా సగమే చేసినట్టు.